పొయ్యి దేవుణ్ణి సాగనంపే మనిషి

షువాంగ్‌కి నేను పరిచయమైంది దేవుణ్ణి ఎత్తుకుపోయేవాడిగా.

అప్పుడు నేను వాళ్ళ వంటింట్లో స్టూలెక్కి ఉన్నాను. ఒక చేతిలో డ్రిల్లు, ఇంకో చేతిలో అప్పుడే గోడ మీంచి పీకిన పొయ్యి దేవుడి పటం. గుమ్మంలో ఒక అమ్మాయి నిలబడి ఉంది. ఆమె చేతులు మోచేతుల దాకా ఊదారంగులో ఉన్నాయి.

"ఎవరు మీరు? ఆయన్ని ఎక్కడికి తీసుకెళ్తున్నారు?"

"ఎక్కడికీ లేదండీ. గ్యాస్ పైపు ఈ గోడలోంచే రావాలి. పటం అడ్డమొచ్చిందని తీశాను. ఇదిగో, పక్కన పెడుతున్నా."

"పక్కన పెడతారా? పదకొండో నెల సగం కూడా కాలేదు. ఆయన పైకి వెళ్ళేది పన్నెండో నెలాఖర్లో. ఇప్పుడే దింపేస్తే అందాకా ఎక్కడుంటాడు? మీ పనిముట్ల పెట్టెలోనా?"

నిజానికి నాకు పొయ్యి దేవుడంటే అగౌరవం ఏమీ లేదు. దక్షిణాన జియాంగ్షీలో మా ఇంట్లోనూ పొయ్యి పైన ఆయనే ఉంటాడు. నాన్న గిన్నె విసిరినా, చెల్లెలు అబద్ధమాడినా, నేను మూకుట్లో ముక్క దొంగిలించినా "ఆయన చూస్తున్నాడు, పైకెళ్ళి అన్నీ చెప్తాడు" అనేది అమ్మ. ఆ భయంతోనే పెరిగాను. కానీ ఆ నెల మా బృందం ఉత్తరాన హెనాన్‌లో, జుషియన్ ఊళ్ళో వీధి తర్వాత వీధి బొగ్గు పొయ్యిలు తీసేసి గ్యాస్ పెడుతోంది. రోజుకి ఇన్ని ఇళ్ళని పైవాళ్ళు లెక్క చెప్పారు. పటాలు చూసుకుంటూ కూర్చుంటే పని సాగదు.

మా మాటలు విని ఒక అవ్వ వచ్చింది. షువాంగ్ వాళ్ళ నానమ్మ. నా చేతిలో పటం తీసుకుని వెలుతురులో పెట్టి చూసింది. దేవుడికి ఏమీ కాలేదు. పక్కన కూర్చున్న ఆయన భార్య ముఖం మీదుగా చిరిగింది.

"ఆయన్ని చింపినా బాగుండేది" అంది అవ్వ. "ఆవిడకి కోపమొస్తే అయిపోయినట్టే. పైన కొలువులో ఆయన చెప్పేది ఆవిడ చెప్పమన్నదే."

"మళ్ళీ అంటించేస్తానండీ, అవ్వా."

"అంటించు మరి. చూస్తావేం?"

షువాంగ్ పిండి జిగురు కాచి తెచ్చింది. నేను పటం గోడకి పెట్టి పట్టుకున్నాను. ఆ పిల్ల వెనక నిలబడి, కుడివైపు దించండి, కాదు, ఎడమవైపు ఎత్తండి అంటూ నన్ను ఆడించింది.

"మీ దగ్గర రసమట్టం ఉంది కదా. అది పైపులకేనా, దేవుళ్ళకి పనికిరాదా?"

నా ఉద్యోగంలో దేవుడి నెత్తిన రసమట్టం పెట్టి చూడటం అదే మొదలు. పటం సరిగ్గానే కుదిరింది. అవ్వ భార్యగారి చెంప మీద చిరుగుని వేలితో నిమిరి, "పోనీలే, చలికి పగిలిందనుకుంటారు" అంది.

ఆ తర్వాత ఆ వీధిలో ఏ ఇంటికీ అవసరం లేనన్నిసార్లు నేను ఆ ఇంటి మీటరు చూశాను.

"మళ్ళీ ఏమైంది?" అనేది షువాంగ్.

"గ్యాస్ కారుతోందేమో చూడాలి."

"నిన్న చూశారుగా."

"చలికి పైపు బిగుసుకుంటుంది. రోజూ చూడాలి."

"పక్కింటి పైపు బిగుసుకోదా?"

"అది మందం పైపు."

ఆ అబద్ధాలన్నీ పొయ్యి దేవుడి ముందే చెప్పాను. నవ్వాపుకుంటూ షువాంగ్ ఓ గిన్నెడు మిరియాల పులుసు పోసి నా ముందు పెట్టేది. హెనాన్ పులుసు తాగితే ముక్కు, కళ్ళు, చెవులు ఏకమైపోతాయి. నేను కన్నీళ్ళు పెట్టుకుంటూ తాగుతుంటే అవ్వ "పాపం, దక్షిణాది నాలుక" అనేది.

ఆ వీధిలో ఇంటింటా పటాలు అచ్చు వేస్తారు. షువాంగ్‌ది కూడా అదే పని. పియర్ చెక్క మీద చెక్కిన అచ్చు బల్లకి బిగించి, రంగు పూసి, పల్చటి కాయితం పరిచి, పైన పొడి కుంచెతో ఒక్క ఊపు ఊపేది. ముందు నల్లగీతలు, తర్వాత పసుపు, ఎరుపు, ఆకుపచ్చ, చివర ఊదా. ఒకే ముఖం మళ్ళీ మళ్ళీ లేచి వచ్చేది. ఏ పటంలోనైనా మీసం కాస్త వంకరపోతే మారుమాట లేకుండా చింపేసేది.

ఆమె చెయ్యి ఊపుతుంటే చూడటం నాకు ఇష్టంగా ఉండేది. ఆమె మాట్లాడితే వినడం అంతకంటే ఇష్టంగా ఉండేది. ఇందులో దాచుకోవడానికి ఏముంది. ప్రేమలో పడ్డాను. చిక్కేమిటంటే, ఆ సంగతి ఆమెకి చెప్పడం నాకు చేతకాలేదు.

టైము కూడా లేదు. మా మేస్త్రీ అప్పటికే చెప్పేశాడు. "కొత్త ఏడాదికి మన బృందం పడమట గాన్సుకి పోతోంది. ఇక్కడ మరమ్మతులు చూడటానికి ఒక మనిషి కావాలి. తూ లిన్, ఉంటావా, వస్తావా? పండగలోగా తేల్చు."

ఆమె కావాలనుకుంటే ఉంటాను. లేకపోతే ఈ మిరియాల పులుసు ఊళ్ళో నాకేం పని? అడగకుండా తెలియదు. అడగాలంటే నోరు రాదు. ఇలా ఉండగా నన్ను గట్టెక్కించింది ఒక సామెత.

ఆ రోజు ఊరికే అడిగాను. "ఇన్ని పటాలు వేస్తారు కదా, మీ ఇంటి దేవుణ్ణి సాగనంపేది ఎవరు?"

షువాంగ్ కుంచె కింద పెట్టింది. "మా వైపు సామెత తెలీదా? మగాడు చంద్రుడికి మొక్కడు, ఆడది పొయ్యికి మొక్కదు. ఏడాదంతా ఆయన్ని అచ్చు వేసేది నేను. ఆయనకి కళ్ళు పెట్టేది నేను. పైన తియ్యగా మాట్లాడాలని ఆయన నోటికి రాసే జీళ్ళు కొనేది కూడా నేనే. అగరొత్తి వెలిగించి నాలుగు మాటలు చెప్పి పంపడానికి మాత్రం మగాడు కావాలి. నాన్న పోయాక పక్కింటి మంగ్ మావయ్య వచ్చి పంపేవాడు. ఈ ఏడు ఆయన కొడుకు దగ్గరికి జెంగ్‌జౌ వెళ్ళిపోయాడు."

"మరి?"

"మరేముంది, వీధిలో ఇంకో మగాణ్ణి అప్పడగాలి. ఉప్పు అప్పడిగినట్టు."

లోపల్నించి అవ్వ గొంతు వినిపించింది. "అడగడం దేనికి? టైము కాకుండా ఆయన్ని గోడ మీంచి దింపింది ఈ అబ్బాయే. పంపేదీ ఈ అబ్బాయే. ఏమయ్యా, ఆయన పైకెళ్ళే చిన్న పండగ సాయంత్రం వస్తావా?"

"వస్తానవ్వా" అన్నాను. ఇంత తొందరగా నేను ఏ మాటా అని ఎరగను.

షువాంగ్ నా వైపు చూసింది. "ఆలోచించుకునే అన్నారా? పెళ్ళికాని మగాడు ఇలా ఒక ఇంటి పొయ్యి ముందు నిలబడి దణ్ణం పెడితే, ఈ వీధిలో ఆడవాళ్ళు ఆ రాత్రికే ముహూర్తం దాకా వెళ్ళిపోతారు."

"వెళ్ళనీ."

"ఆ మాట ఎక్కడ నిలబడి అన్నారో చూసుకున్నారా? పొయ్యి ముందు. ఆయన విన్నాడు."

"విననీ అనే అన్నాను."

ఆమె మళ్ళీ కుంచె తీసుకుంది. రంగు ఎక్కువ పూసింది కాబోలు, ఆ కాయితం మీద దేవుడి ముఖం మొత్తం ఎర్రగా పాకిపోయింది. దాన్ని మాత్రం చింపలేదు, మడిచి పక్కన పెట్టింది. నేను ఆ సాయంత్రం బసకి ఈల వేసుకుంటూ వెళ్ళాను.

చిన్న పండగ ముందురోజు మిగిలిన పైపులు, సామాను అప్పగించి రమ్మని నన్ను కైఫెంగ్ నగరానికి పంపారు. పని త్వరగానే అయింది. మర్నాటి కోసం క్షవరం చేయించుకున్నాను, కొత్త కోటు కొన్నాను, నారింజలు బేరమాడి తీసుకున్నాను. నగరంలో టపాసులు కాల్చకూడదు. అందుకని ఆ సాయంత్రం నాకు ఏ చప్పుడూ వినిపించలేదు, ఏ అనుమానమూ రాలేదు. ఉత్తరాన నాకది మొదటి చలికాలం.

మర్నాడు సాయంత్రం వాళ్ళ వీధిలోకి తిరిగాను. గుమ్మాల పక్కన టపాసుల ఎర్ర కాయితాలు ఊడ్చి పోగులు పెట్టి ఉన్నాయి. అప్పుడే కాల్చేశారా, ఇంత తొందరేమిటి వీళ్ళకి అనుకుంటూ తలుపు తట్టాను.

షువాంగ్ సగం తలుపు తీసింది. "ఏం పని?"

"అదేంటండీ. చిన్న పండగ కదా. దేవుణ్ణి పంపడానికి వచ్చాను."

ఆమె నా క్షవరం చూసింది, కోటు చూసింది, నారింజలు చూసింది. "దేవుడు నిన్ననే వెళ్ళాడు."

"నిన్ననా? నిన్న ఇరవై మూడు."

"అవును. ఇరవై మూడే."

"చిన్న పండగ ఇరవై నాలుగు కదా."

"ఏ లోకంలో?"

"జియాంగ్షీలో."

దేశమంతా ఒకే దేవుడు, పైకెళ్ళడానికి ఆయనెక్కే ఒకే గుర్రం, ఒకే జీళ్ళు. తేదీ మాత్రం వేరని ఇన్నేళ్ళలో ఎవడూ నాకు చెప్పలేదు. నాకు అడగాలనీ తోచలేదు.

"నానమ్మ నిన్న మంచి దూదికోటు వేసుకుని గుమ్మంలో కుర్చీ వేసుకుంది" అంది షువాంగ్. గొంతు పెంచలేదు. పెంచితేనే బాగుండేది. "వీధిలో అందరూ పంపేసుకుంటున్నారు. అడిగిన ప్రతివాళ్ళకీ వస్తాడు, వస్తాడు అని చెప్పింది. ఈ చలిలో. ఇవాళ దగ్గుతోంది. మీ జియాంగ్షీ తేదీలు ఆవిడకేం తెలుసు?"

"ఒక్క ఫోన్ చేస్తే..."

"నానమ్మ వద్దంది. దేవుడి పనికి వచ్చేవాణ్ణి పిలవకూడదు, వాడే రావాలంది." ఆమె నారింజల వైపు చూస్తూ ఆగింది. "నాకూ చెయ్యబుద్ధి కాలేదు. నేను చేశాక మీరు రానంటే?"

తప్పు తేదీది కావచ్చు. కుర్చీలో కూర్చుని చలికి వణికింది మాత్రం ఆవిడ.

"మరి ఎవరు పంపారు?"

"నేనే." తలెత్తింది. "వీధి తలుపు వేసేసి, అగరొత్తి వెలిగించి, ఆయన నోటికి జీళ్ళు రాసి, పటం కాల్చి పంపేశాను. పైకెళ్ళి మంచి చెప్పండి, కిందికొచ్చి చల్లగా చూడండి అన్నాను. ఆడది అనకూడదని తెలుసు. అయినా అన్నాను."

లోపల్నించి దగ్గు, వెనకే అవ్వ గొంతు. "ఎవరే షువాంగ్?"

"గ్యాస్ అతను, నానమ్మా."

"లోపలికి రమ్మను. తిట్టాల్సింది నేను."

మంచం పక్కన నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాను. అవ్వ విని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వు దగ్గయింది, దగ్గు మళ్ళీ నవ్వయింది. "మీ వైపు దేవుడు ఒకరోజు ఆలస్యంగా నిద్ర లేస్తాడన్న మాట. ఓరి నాయనా, నేను నిన్న నిన్నెన్ని మాటలన్నాను."

ఆ తర్వాత నవ్వు తుడుచుకుని నన్ను పరీక్షగా చూసింది. "సరే. పంపేటప్పుడు నువ్వు లేవు. తీసుకొచ్చేటప్పుడైనా ఉంటావా? ఏడాది ఆఖరి సాయంత్రం ఆయన దిగి వస్తాడు, కొత్త పటం అంటించాలి. పంపడమంటే పక్కింటివాడు పంపినా చెల్లుతుంది. తీసుకురావడం అలా కాదు, ఇంటి మనిషి ఉండాలి."

షువాంగ్ గబుక్కున ముందుకొచ్చింది. "నానమ్మా, ఆ సాయంత్రం ఎవరి కొడుకు వాళ్ళమ్మ దగ్గరుంటాడు. అడగకూడనిది అడక్కు."

నిజమే. ఆ ఒక్క సాయంత్రానికే కదా దేశం దేశమంతా రైళ్ళలో నిలబడి ప్రయాణం చేసేది. నా జేబులో ఇరవై ఏడో తారీకు టికెట్టు ఉంది. ఆ పూట అన్నానికి వెళ్ళకపోవడమన్నది మా ఇంట్లో ఇప్పటిదాకా జరగలేదు.

"రేపు చెప్తానవ్వా" అన్నాను.

"మీ రేపా, మా రేపా?" అంది షువాంగ్. నవ్వించడానికే అంది గానీ, ఆమె కళ్ళు నవ్వలేదు.

మర్నాడు పొద్దున్నే అమ్మకి ఫోన్ చేశాను. అమ్మది టోఫు దుకాణం. పండగ ముందు అక్కడ జనం తోసుకుంటారు. చెవికి భుజానికి మధ్య ఫోన్ నొక్కి పెట్టి, కత్తితో కోస్తూనే మాట్లాడుతుంది.

"అమ్మా, ఈసారి పండక్కి..."

"టికెట్ దొరకలేదా?"

"దొరికింది."

"మరేంట్రా?"

చెప్పాను. పటం దగ్గర్నుంచి కుర్చీ దాకా, ఏదీ దాచకుండా. అవతల కత్తి చప్పుడు ఆగిపోయింది.

"పటం చింపావా?"

"కొంచెం."

"ఆవిడ ముఖమా?"

"అవును."

"ముసలావిడ చలిలో నీ కోసం కూర్చుంటే, నువ్వు క్షవరం చేయించుకుంటున్నావా?"

"నాకు తేదీ తెలీదమ్మా."

"అడగొచ్చుగా. మీ నాన్నే నువ్వు, అచ్చం." ఎవరికో చిల్లర ఇచ్చిన చప్పుడు. "పెద్దావిడ రమ్మంది సరే. ఆ పిల్ల ఏమంది?"

"అడగకూడనిది అడక్కు అంది, వాళ్ళ నానమ్మతో. ఆ సాయంత్రం ఎవరి కొడుకు వాళ్ళమ్మ దగ్గరుంటాడంది."

వరసలో ఎవరో అమ్మని కసురుకుంటున్నారు.

"నీకో అమ్మ ఉందని గుర్తుపెట్టుకుంది" అంది చివరికి. "తనకి కావాల్సింది నోటిదాకా వచ్చి కూడా, ముందు నా సంగతి చూసింది. వెళ్ళరా. అక్కడే ఉండు ఆ సాయంత్రం."

"అమ్మా..."

"మాటకి అడ్డు రాకు. వాళ్ళ పొయ్యి దేవుడు ఇరవై మూడున వెళ్ళాడు. మన దేవుడు నిన్న వెళ్ళాడు. ఇప్పుడిద్దరూ అదే కొలువులో పక్కపక్కన కూర్చుని ఉంటారు. ఈపాటికి నీ సంగతి మాట్లాడుకునే ఉంటారు, మధ్యలో నేనెవర్ని కాదనడానికి? పండగ వెళ్ళాక రైలెక్కి రండి."

"రండి అన్నావేంటి?"

"వినపడిందిగా. పెట్టేయ్, జనం ఉన్నారు."

కాసేపటికి చెల్లెలు కబురు పెట్టింది. అమ్మ ఏడుస్తూ టోఫు కోస్తోందట. కొనేవాళ్ళందరికీ కొడుకు సంబంధం కుదిరేలా ఉందని చెప్తోందట కూడా. నాకూ కళ్ళు మండాయి, పులుసు తాగకుండానే.

టికెట్ రద్దు చేసి, వస్తానని అవ్వకి చెప్పొచ్చాను. షువాంగ్ అప్పుడు ఇంట్లో లేదు. పటాలు అమ్మడానికి సంతకి తీసుకెళ్ళిందట. ఆ తర్వాత రోజులన్నీ ఆమె సంతలోనే ఉంది. నేను ఖాళీ అయిన బసలో గోడలు చూస్తూ కూర్చున్నాను. అవ్వ రమ్మంది, అమ్మ వెళ్ళమంది. అసలు మనిషి ఏమీ అనలేదు. ఆమె వద్దంటే కొత్త ఏడాదికి నేను గాన్సులో ఉంటాను.

ఆఖరి రోజు సాయంత్రం వెలుతురు ఉండగానే వెళ్ళాను. తలుపు పూర్తిగానే తీసింది.

"నిజంగానే టికెట్ రద్దు చేశావా?" ఆమె నన్ను నువ్వు అనడం అదే మొదలు.

"చేశాను."

"మీ అమ్మ?"

"ఏడ్చింది. తర్వాత, పండగ వెళ్ళాక రండి అంది."

"రండి అందా?"

"అంది."

ఆమె నా కోటు తీసుకుని కొక్కేనికి తగిలించి వంటింట్లోకి నడిచింది. నేను బిగించిన పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి. అవ్వ దగ్గు తగ్గినట్టుంది, బల్ల ముందు కూర్చుని కుడుములు చుడుతోంది.

"పటం అబ్బాయి అంటించాలి" అంది అవ్వ. "మాటలు మాత్రం పంపినవాళ్ళే చెప్పాలి. పంపింది నువ్వేగా షువాంగ్, నువ్వే పిలువు."

"నేనా? ఆడది..."

"ఆడది మొక్కకూడదనే అన్నారు. మొక్కావు. ఆయన వెళ్ళాడు, ఆకాశం ఏమీ విరిగి పడలేదు. పిలువు. ఇంట్లో ఎవరెవరున్నారో కూడా సరిగ్గా చెప్పు. వచ్చే ఏడాదంతా ఆయన కనిపెట్టుకుని ఉండేది నువ్వు చెప్పినవాళ్ళనే. మధ్యలో మార్చడానికి ఉండదు."

నేను స్టూలెక్కాను. కొత్త పటం వెనక జిగురు పూసి గోడకి ఆనించి, రెండు అరచేతులతో ఒత్తి పట్టుకున్నాను. వెనక అగ్గిపుల్ల గీసిన చప్పుడయింది. అగరొత్తి వాసన వచ్చింది.

"పొయ్యి దొరగారూ, ఇంటికి రండి" అంది షువాంగ్. గొంతు సన్నగా ఉంది. "పైన మంచే చెప్పి ఉంటారు. చెడ్డ చెప్పినా సరే, దిగి రండి. ఇంట్లో నానమ్మ ఉంది. ఇంకా కాస్త దగ్గుతోంది, వెచ్చగా చూడండి. నేనున్నాను, షువాంగ్."

అక్కడ ఆగింది. నీళ్ళు మరుగుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. తల తిప్పుదామంటే జిగురు ఇంకా పచ్చి, పటం జారుతుంది. గోడకేసి చూస్తూ నిలబడ్డాను.

"ఇంకొకరున్నారు, తూ లిన్" అంది షువాంగ్. "పరాయి ఊరివాడు, మా తేదీలు తెలియవు. కాస్త చూసుకోండి."

నేను గోడ వదల్లేదు. ఆమెకి చెప్పడానికి ఇన్నాళ్ళూ రాని నోరు ఆయనకి చెప్పడానికి వచ్చింది.

"దొరగారూ, నేను గాన్సు వెళ్ళడం లేదండీ. ఇక్కడే ఉంటాను. ఈ అమ్మాయి కోసం" అన్నాను. వెనకున్న ఇద్దరికీ వినబడింది.

స్టూలు కదలకుండా ఊదారంగు అంటిన చెయ్యి ఒకటి వచ్చి పట్టుకుంది.

"పటం అంటుకుంది, ఇక దిగవయ్యా" అంది అవ్వ. "కుడుములు వేసేస్తున్నాను."